రేడియో అయ్యవారు

మా అవ్వ బడి మొహం చూడలేదు. ఏ కాగితం మీదైనా వేలిముద్రే. అట్టాంటి మనిషికి అన్నమయ్య కీర్తనలు ఒక పదో పన్నెండో నోటికి వచ్చు. భారతంలో ఎవరు ఎవరి చేతిలో పోయారో వరసగా చెప్పేది. పిల్లలెవరైనా శ్లోకం తప్పు చదివితే "అట్టా కాదబ్బయా" అని సరిదిద్దేది. ముండ్లమూరులో మా ఇంటి పంచలో కూర్చుని కందులు చెరుగుతూ ఏదో ఒకటి పాడుకుంటూ ఉండేది. "ఇయ్యన్నీ ఎవరు నేర్పారవ్వా?" అని నేను చిన్నప్పుడు అడిగితే ఒకటే జవాబు: "రేడియో అయ్యోరు."

అయ్యోరంటే మా వైపు బడిపంతులు. వార్తలు చదివే ఆయన, ధరవరలు చెప్పే ఆయన ఉన్నట్టే రేడియోలో అయ్యోరని ఒకాయన ఉంటాడని నేను చాలా కాలం అనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, అవ్వ చెప్పే అయ్యోరు ఒక మనిషి కాదని. ఒకాయన రామాయణం చెప్పాడు, ఒకాయన సంస్కృతం చెప్పాడు, ఒకావిడ కీర్తన పాడింది. అవ్వ లెక్కలో అందరూ కలిపి ఒకే అయ్యోరు.

తీరా ఈ మధ్య కూర్చుని చదివితే, అవ్వ మరీ తప్పు చెప్పలేదని తేలింది. ఆ గొంతుల్లో చాలావాటి వెనక నిజంగానే ఒక మనిషి కనపడుతున్నాడు. ఆయన బాలాంత్రపు రజనీకాంతరావు గారు. అందరూ 'రజని' అంటారు. ఆయన చేసింది రేడియో ఉద్యోగం. కానీ నన్నడిగితే తెలుగువాళ్లకి దొరికిన పెద్ద ప్రొఫెసర్లలో ఆయనొకరు. ఆయన క్లాసు మాత్రం విజయవాడ కేంద్రం మీద జరిగేది. హాజరు పట్టీ లేదు, ఫీజు లేదు, పరీక్ష లేదు.

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. 2018 ఏప్రిల్ 22న రజని గారు విజయవాడలో పోయారు. అప్పటికి 98 ఏళ్లు. ఆ వార్త నా ఫోన్లో కూడా వచ్చింది. చూశాను, పక్కకి జరిపేశాను. ఎవరో పాతకాలం పెద్దాయన అనుకున్నాను, అంతే. నా వయసు వాళ్లలో చాలామంది అంతే చేసి ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

*

రజని 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి బాలాంత్రపు వెంకటరావు గారు. వెంకట పార్వతీశ కవులని జంటకవులు ఉండేవారు కదా, అందులో మొదటివారు. రెండోవారు ఓలేటి పార్వతీశం గారు. 'ఏకాంతసేవ' రాసింది వీళ్లే. ఆంధ్ర ప్రచారిణి గ్రంథమాల పెట్టి వరసగా పుస్తకాలు వేసి, మామూలు జనం చేత నవలలు చదివించిందీ వీళ్లే. రజని పెరిగిందంతా పిఠాపురంలో. ఇంట్లో ఎప్పుడూ పద్యం, ప్రూఫులు, పుస్తకాల కట్టలు. ఊళ్లో సంగీతం. ఆ రెండూ కలిసిన పిల్లాడన్నమాట.

తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. 1940లో అయిపోయింది. అక్కడ ఆయనకి పాఠం చెప్పిన ఆచార్యుడు పింగళి లక్ష్మీకాంతం గారు. పింగళి-కాటూరి జంటకవుల్లో ఒకరు, 'సౌందరనందం' కావ్యం ఈ ఇద్దరిదే. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో ధర్మరాజు వేషం కట్టిన మనిషి కూడా. అంటే పద్యాన్ని కాగితం మీద చూసి విడగొట్టడం ఒక్కటే కాదు, ఎదురుగా కూర్చున్న జనానికి ఎట్లా వినిపించాలో తెలిసిన ప్రొఫెసర్. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

1941లో రజని మద్రాసు రేడియోలో చేరారు. మద్రాసు కేంద్రం మొదలైంది 1938 జూన్ 16న. అంటే ఆయన చేరేటప్పటికి దాని వయసు మూడేళ్లు. రేడియోలో తెలుగు ఎట్లా మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి, నాటకం అంటే కళ్లకి ఏమీ కనపడకుండా ఎట్లా ఆడాలి, పాట ఎన్ని నిమిషాలుండాలి... ఇవేవీ ఎవరికీ తెలియవు. పుస్తకం లేదు, పాత కోడ్ లేదు, అడగడానికి సీనియర్ లేడు. పైగా ఆ రోజుల్లో ఎక్కువ భాగం ప్రసారాలు లైవ్. రాసిన పాట, కట్టిన వరస, పాడే మనిషి, వాయించే వాళ్లు అందరూ ఒకే స్టూడియోలో, ఎర్ర లైటు వెలగ్గానే నేరుగా జనం చెవుల్లోకి. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్ సర్వర్ లేదు, అంతా ప్రొడక్షన్లోనే :)

అక్కడ రజని చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పాట రాస్తారు, ఆయనే వరస కడతారు, ఆయనే నేర్పిస్తారు, అవసరమైతే ఆయనే పాడతారు. సంగీత రూపకాలు రాస్తారు. 'చండీదాసు' అట్లా వచ్చిందే. పిల్లలకి 'జేజిమామయ్య పాటలు' రాస్తారు. ఒకే మనిషి మాటా పాటా రెండూ చేస్తే దానికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టారు: వాగ్గేయకారుడు. వాక్కూ గేయమూ రెండూ తనవే అయినవాడు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య ఆ కోవలోవాళ్లు. ఆ కోవని రేడియో స్టూడియోలోకి తీసుకొచ్చిన మనిషి రజని.

*

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ఢిల్లీలో నెహ్రూ ప్రసంగం సంగతి అందరికీ తెలుసు, బడి పుస్తకాల్లో ఉంది. అదే రాత్రి మద్రాసు కేంద్రం నుంచి తెలుగులో ఒక పాట వచ్చింది. 'మాదీ స్వతంత్ర దేశం'. రాసిందీ, వరస కట్టిందీ రజని. పాడింది టంగుటూరి సూర్యకుమారి. స్వతంత్రం వచ్చిన గంటల్లో తెలుగువాడు తెలుగులో విన్న పాట అది.

మా జిల్లా వాళ్లకి ఇక్కడ చిన్న గర్వం ఉండాలి. సూర్యకుమారి టంగుటూరి ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం జిల్లాగా మారిందే, ఆ ప్రకాశం పంతులే. చిన్నప్పటి నుంచీ పాటలు పాడి, సినిమాల్లో వేసి, తర్వాత లండన్‌లో స్థిరపడిన ఆ గాయని 2005లో పోయారు. జిల్లాకి పంతులుగారి పేరుంది, చాలా ఊళ్లలో ఆయన విగ్రహముంది. ఆ పాట ఎవరు పాడారో, ఎవరు రాశారో మా ఇంజినీరింగ్ కాలేజీలో ఆగస్టు 15కి దాన్ని మైకులో వేసిన మాకెవరికీ తెలియదు. నాతో సహా.

అసలు రజని జీవితంలో ఈ పేరు లేకపోవడం మొదటి నుంచీ ఉంది. 'స్వర్గసీమ' (1945)లో భానుమతి గారి 'ఓహో పావురమా' పాట వెనక ఈయన చెయ్యి ఉంది. 'గృహప్రవేశం' (1946) సినిమాకి సంగీతం కట్టారు. కానీ టైటిల్స్‌లో ఉన్న పేరు నళినీకాంతరావు, అంటే ఆయన అన్నగారి పేరు. ప్రభుత్వ ఉద్యోగి బయట సినిమాలకి పనిచేయకూడదు కాబట్టి ఈ ఏర్పాటు. మనలో కొంతమంది ఆఫీసు అయ్యాక వేరే ప్రాజెక్టుకి వేరే ఐడీతో కమిట్ చేస్తారు చూడండి, అట్లాంటిదే. కోడ్ నడుస్తూ ఉంటుంది, పేరు ఇంకొకరిది ఉంటుంది.

*

ఇప్పుడు కొంచెం దేశం సంగతి. 1952లో బి.వి. కేస్కర్ అనే ఆయన కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయనకి సినిమా పాటలంటే చిన్నచూపు. ప్రభుత్వ రేడియోలో అవి ఉండకూడదు, శాస్త్రీయ సంగీతమే ఉండాలన్నారు. జనం ఊరుకుంటారా? రేడియో సిలోన్ పెట్టుకున్నారు. బినాకా గీత్‌మాలా అనే కార్యక్రమం దేశమంతా ఊగిపోయింది దాంతోనే. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలుపెట్టి సినిమా పాటల్ని వెనక్కి పిలవాల్సి వచ్చింది. పై వాళ్లు వినేవాళ్ల అభిరుచిని జీవో ఇచ్చి మార్చాలనుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

కానీ ఈ గొడవలో ఒక మంచి జరిగింది. సినిమా పాట వద్దు, కచేరీ అందరికీ ఎక్కదు. మరి మధ్యలో ఏముండాలి? మంచి కవిత్వం, తేలికైన రాగం, నాలుగైదు నిమిషాల్లో అయిపోయే పాట. దానికే లలిత సంగీతం అని పేరు. ఆకాశవాణి కేంద్రాల్లో దీనికి ప్రత్యేకంగా విభాగాలు పెట్టారు. తెలుగులో ఈ పని రజని, ఆయన తోటివాళ్లు మద్రాసులో అప్పటికే చేస్తూ ఉన్నారు. కాబట్టి అవసరం పడేసరికి మన దగ్గర సరుకు సిద్ధంగా ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి లాంటి కవులు ఆకాశవాణిలో ఉద్యోగాలు చేశారంటే ఆ కాలం ఎట్లాంటిదో ఊహించుకోండి. మనం ఆఫీసుకెళ్తే పక్క సీట్లో కృష్ణశాస్త్రి!

లలిత సంగీతంలో నాకు అన్నిటికన్నా నచ్చేది పాట నేర్పే కార్యక్రమం. నేర్పేవారు ఒక లైను పాడతారు, స్టూడియోలో ఉన్నవాళ్లు తిరిగి పాడతారు, రేడియో ముందు నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా పాడతారు. మా అవ్వలా రాయడం రానివాళ్లు? వాళ్లు చెవితో రాసుకునేవాళ్లు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింటు ఇదే. 1954లో పింగళి లక్ష్మీకాంతం గారు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేసిన మనిషి, విజయవాడ ఆకాశవాణిలో చేరారు. ఆ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆయన 1961 దాకా అక్కడ సాహిత్య ప్రసంగాల పని చూసుకుని, ఆ తర్వాత తిరుపతి వెళ్లి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మళ్లీ ఆచార్యుడయ్యారు. చూడండి, శిష్యుడు 1941లోనే ఉద్యోగంలో చేరాడు, గురువుగారు 13 ఏళ్ల తర్వాత అదే సంస్థకి వచ్చారు. అప్పటి పెద్దవాళ్లకి రేడియో అంటే కాలక్షేపం కాదు, యూనివర్సిటీకి ఇంకో గది. ఎం.ఏ. క్లాసులో పట్టుమని ఇరవై మంది కూడా ఉండరేమో. ఆ గదిలో ఎంతమంది ఉన్నారో లెక్క పెట్టలేం.

*

ఉద్యోగం చేసుకుంటూనే రజని ఒక పెద్ద పుస్తకం రాశారు. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము', 1958లో వచ్చింది. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు ఇచ్చారు. క్షేత్రయ్య మీద, రామదాసు మీద వేరే పుస్తకాలు కూడా రాశారు. రోజూ మైకు ముందు గడిపే మనిషి ఇంత పరిశోధన ఎందుకు చేశాడా అనిపించింది నాకు. తర్వాత అనిపించింది, ఆయన రాసుకున్నది తన వంశవృక్షమే కదా అని.

ఆ చరిత్రలో ఒక సంగతి మన లాంటి వాళ్లకి బాగా పట్టాలి. అన్నమయ్య (1408-1503) పాటలు రాగి రేకుల మీద చెక్కించారు. అవి తిరుమల గుడిలో ఒక చిన్న అరలో దాదాపు 400 ఏళ్లు పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో బయటకి తీసి చదివి అచ్చువేశారు. మొత్తం 32 వేలు రాశాడంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికిన వాటికి కూడా ఒక చిక్కుంది. రేకు మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, కానీ స్వరం లేదు. అంటే అన్నమయ్య ఎట్లా పాడాడో పోయింది. డేటా ఉంది, దాన్ని తెరిచే ప్రోగ్రాం పోయింది. ఇవాళ మనం వినే అన్నమయ్య పాటలన్నీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి దగ్గర నుంచి, బాలమురళీకృష్ణ గారి లాంటి విద్వాంసుల దాకా మళ్లీ వరస కట్టినవే.

త్యాగయ్యది ఇంకో దారి. ఆయన పాటలు రాగి మీద లేవు. వాలాజాపేట, ఉమయాల్పురం, తిల్లైస్థానం శిష్యుల గొంతుల్లో, వాళ్లు రాసుకున్న తాళపత్రాల్లో, కాగితాల్లో మిగిలాయి. అందుకే వరసతో సహా మిగిలాయి. రాగి రేకు మాటని దాచింది, శిష్యుడు పాటని దాచాడు.

మరి రేడియో వాగ్గేయకారుడి పాట ఎవరు దాస్తారు?

*

1970ల్లో రజని విజయవాడ కేంద్రానికి డైరెక్టర్‌గా ఉన్నారు. అవ్వ 'అయ్యోరు' తయారైంది ఆ చుట్టుపక్కలే. పొద్దున్నే భక్తిరంజని. దీన్ని ఇంత గొప్పగా చేసిన వాళ్లలో రజని ఒకరు, బాలమురళీకృష్ణ ఇంకొకరు. ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటి గొంతులు. కేశవపంతుల నరసింహశాస్త్రి గారి సంస్కృత పాఠాలు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి రామాయణ భారతాలు, ధర్మసందేహాలు. ఉషశ్రీ అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1973లో విజయవాడ కేంద్రానికి వచ్చారు, 1990లో పోయారు. జనం ఉత్తరాలు రాసేవాళ్లు, ఆయన ఒక్కోసారి నవ్విస్తూ, ఒక్కోసారి చీవాట్లు పెడుతూ జవాబు చెప్పేవారు. నాగేటి చాలు తప్ప ఏమీ తెలియదనుకున్న మనుషులు కూడా ధర్మరాజు చేసింది తప్పా ఒప్పా అని వాదులాడుకునేవాళ్లంట.

మా ఊళ్లో ఆ రోజుల్లో రేడియో కొన్ని ఇళ్లలోనే ఉండేది. పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టాలి, బ్యాటరీలు కొనాలి. సాగర్ కాలవ నీళ్లు వచ్చిన చేలు కొన్ని, వానకి మొహం వాచిన చేలు కొన్ని. అట్లాంటి చోట రేడియో ఉన్న ఇంటి ముందు ఆదివారం మధ్యాహ్నం జనం గుమిగూడేవాళ్లని అవ్వ చెప్పేది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు అరుగు కింద కూర్చునేవాళ్లు. అరుగు మీదికి అందరికీ ప్రవేశం లేదు, ఆ సంగతి కూడా అవ్వే చెప్పింది. కానీ శబ్దం అరుగు దగ్గర ఆగదు కదా! బడిలో, గుడిలో దూరంగా నిలబడాల్సిన వాళ్ల చెవికి కూడా అదే పాట, అంతే స్పష్టంగా వినపడింది. ఆ గదికి గుమ్మం లేదు.

ఆదివారం పొద్దున వచ్చే 'శ్రీ సూర్యనారాయణా మేలుకో' పాట చూడండి. అది ఏ పండితుడో రాసింది కాదు. తరతరాలుగా ఆడవాళ్లు పాడుకున్న పాట. పల్లెలో పుట్టి, స్టూడియోకి వెళ్లి, తంబురా శ్రుతి కట్టుకుని మళ్లీ పల్లెకి వచ్చింది. మా అవ్వ "మా అమ్మ పాడేదబ్బయా ఇది, కానీ రేడియోలో నేర్చుకున్నా" అనేది. నాకు ఆ మాట చాలా కాలం అర్థం కాలేదు. అమ్మ పాడితే రేడియోలో నేర్చుకోవడమేంటి? ఇప్పుడనిపిస్తుంది, అమ్మ పాడితే అది పని పాట. రేడియోలో వస్తే అదే పాట చదువు అయింది. తన ఇంట్లోది చదువేనని ఆమెకి చెప్పిన అయ్యోరు రేడియో.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, చెప్పకపోతే అబద్ధం రాసినట్టే. రేడియో తెలుగు ఎక్కువగా కోస్తా చదువుకున్న ఇళ్ల తెలుగు. మా పడమటి ప్రకాశం యాస రేడియోలో అవ్వ ఎప్పుడూ విననే లేదంది. నల్లమల ఇక్కడే ఉంది, చెంచులున్నారు, వాళ్ల పాటలున్నాయి. సూర్యనారాయణుడి పాటకి దొరికిన చోటు వాటికి దొరికిందా అని అడిగితే నా దగ్గర గట్టిగా అవునని చెప్పే ధైర్యం లేదు. ఆ క్లాసులోకి అందరూ రావచ్చు, కానీ సిలబస్ కొందరిదే. మార్కాపురంలో తర్వాత ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రం వచ్చింది. రజని తరం నేర్పిన పద్ధతిలో ఇక్కడి పాటల్ని పట్టుకుంటే ఆ లోటు కొంతైనా తీరుతుంది. ఆయన మీద గౌరవం తగ్గించడానికి కాదు, ఆయన చేసిన పనిని ముందుకు తీసుకెళ్లడానికే ఈ మాట.

*

మా వైపు మార్కాపురం పలకలకి ప్రసిద్ధి. ఎన్ని రాష్ట్రాల పిల్లలు మార్కాపురం రాయి మీద అక్షరాలు దిద్దుకున్నారో! పలక గొప్పతనం, పలక దురదృష్టం రెండూ ఒకటే: రాసింది తుడిచేసి మళ్లీ రాయొచ్చు.

రేడియో కూడా పలకే. మొదట్లో అంతా లైవ్, అయిపోతే అయిపోయినట్టే. తర్వాత టేపులు వచ్చాయి. కానీ టేపు ఖరీదు, దాచడానికి చోటు కావాలి. కాబట్టి ప్రసారం అయ్యాక చెరిపేసి మళ్లీ వాడేవాళ్లు. ఒక పాట ఉంచాలా, తీసేయాలా అని ఎవరో ఒక ఉద్యోగి ఆ పూట తీసుకున్న నిర్ణయమే చరిత్ర అయింది. వాళ్లని తిట్టను. డిస్క్ నిండిపోయినప్పుడు పాత లాగ్స్ తీసేసే పని మనమూ చేస్తాం. అందులో ఏముందో చదివి తీసేస్తామా?

వాగ్గేయకారుల పాటలు ఎట్లా మిగిలాయో, ఎట్లా పోయాయో పరిశోధించి పుస్తకం రాసిన మనిషి, తన జీవితమంతా గాల్లోకి పాడే ఉద్యోగం చేశారు. రజని 1978లో రిటైరయ్యారు. ఆ తర్వాత 40 ఏళ్లు బతికారు. అంటే అడిగి రాసుకోవడానికి మనకి 40 ఏళ్లు టైముంది. కొందరు ఆ పని చేశారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఆకాశవాణి వాళ్లు మిగిలిన టేపుల్లో కొన్నిటిని డిజిటైజ్ చేశారు. పాత శ్రోతలు ఇంట్లో క్యాసెట్లలో రికార్డు చేసి పెట్టుకున్నవి యూట్యూబ్‌లో పెట్టారు. వాటిలో చాలావాటికి రాసింది ఎవరో, వరస ఎవరిదో, ఏ సంవత్సరమో ఉండదు. 'పాత రేడియో పాట' అని ఉంటుంది, అంతే.

ఒకసారి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అవ్వకి చెప్పాను. "నీ రేడియో అయ్యోరు పేరు రజని అంట అవ్వా, పోయిన సంవత్సరం పోయాడంట." ఆమె కాసేపు ఆగి, "పేరేదైతే ఏందిలే అబ్బయా, పాట వచ్చింది గదా" అంది.

అవ్వ మాటలో నిజముంది. కానీ నేను సగమే ఒప్పుకుంటాను. నేర్చుకున్న మనిషి అట్లా అనొచ్చు. నేర్పినవాడు కూడా నాకు పేరు వద్దు అనొచ్చు, రజని సినిమాలకి అన్నగారి పేరే వాడుకున్నారు. తర్వాత వచ్చిన మనం మాత్రం అట్లా అనకూడదు. పేరు తెలిస్తేనే కదా ఇంకొక పాట వెతుకుతాం. అది ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఎవరికి నేర్పాడో వెతుకుతాం. పేరు పోయిన పాట ఒంటరిదైపోతుంది. పింగళి వారు, రజని, ఉషశ్రీ, మా ఊరి అరుగు కింద కూర్చున్న ఆడవాళ్లు... ఈ వరస కనపడాలంటే పేర్లు కావాలి. అరుగు కింద కూర్చున్నవాళ్ల పేర్లు కూడా.

కాబట్టి ఒక చిన్న పని. మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్లుంటే తీయండి. మైసూరు పాకు డబ్బాలోనో, బీరువా అడుగునో ఉంటాయి. మీ నాన్నగారినో అమ్మగారినో పక్కన కూర్చోబెట్టుకుని వినండి. పాడింది ఎవరు, ఎప్పుడు, ఏ కేంద్రం అని వాళ్లకి తెలిసినంత అడిగి రాసుకోండి. ఆ తర్వాతే ఎక్కడైనా పెట్టండి. మనం రాసే ప్రతి పిచ్చి స్క్రిప్టుకీ పైన రచయిత పేరు, తేదీ రాస్తాం. ఒక పాటకి ఆ మాత్రం చేయలేమా?

ఇక నా సంగతి. ఉద్యోగంలో రోజూ బ్యాకప్‌ల గురించి మాట్లాడే మనిషిని. అవ్వ 2021లో పోయింది. ఆమె పాడుతుంటే 2019లో ఫోన్లో ఒక గంట దాకా రికార్డు చేశాను. ఆ ఫోన్ పోయింది. కాపీ తీసుకోలేదు. మా చెల్లికి వాట్సాప్‌లో పంపిన ఒక్క ముక్క మిగిలింది, నాలుగు నిమిషాలు. వెనకాల కుక్కర్ కూత వినపడుతుంది. సూర్యనారాయణుడి పాట మూడు చరణాలు పాడి అవ్వ ఆగిపోతుంది. "తర్వాతది గుర్తు రావట్లేదబ్బయా," అంటుంది, "రేడియోలో వస్తే అందుకుంటా."